పది చేతులు పట్టే పనులే పెట్టుకోండి: బరంపురం ఇంట్లో సంక్రాంతి

మీరు అడిగింది ఇదీ: బరంపురంలో కాపురం, అత్తగారు మీ దగ్గరే ఉంటారు, పండక్కి హైదరాబాదు నుంచి మరిదిగారి కుటుంబం వస్తుంది, అందరి పిల్లలూ కలిపి నలుగురు. కొన్న స్వీట్ల పెట్టెలు, ప్లాస్టిక్ తోరణాలు కాకుండా ఇంట్లో చేసుకునేవి కావాలి. అవి చేస్తూ అందరూ ఒకచోట కూర్చోవాలి. మీరొక్కరే వంటింట్లో చిక్కుకుపోకూడదు. ఈ చివరి మాటే అసలు సంగతి. దాన్ని పట్టుకునే మిగతావన్నీ ఎంచుకోవాలి.

పిండివంటల్లో ఒంటిమనిషి మూడు గంటలు పొయ్యి ముందు నిలబడి చేసేవి కొన్ని: జంతికలు, చెక్కలు, బూంది. నలుగురు చెయ్యి వేస్తే తప్ప కుదరనివి కొన్ని: అరిసెలు, పోకుండలు. మొదటివి నిస్సంకోచంగా కొనేయండి. బరంపురంలో అప్పడాలకీ పచ్చళ్ళకీ ఉన్నంత పేరు మన ఇళ్ళ జంతికలకి లేదు కాబట్టి పరువేమీ పోదు. రెండోవి మాత్రం ఇంట్లోనే చేయండి. ఏడు రకాలు చేసి తీరాలని పంతం పట్టిన ఇంట్లో ఒకరికి నడుం నొప్పి, మిగిలినవాళ్ళకి ఫోన్లు.

ముందు తేదీలు చూసుకోండి. ఒడిశా బళ్ళకి ఆంధ్రా, తెలంగాణల్లోలా సంక్రాంతికి పొడుగు సెలవులుండవు. మీ పిల్లలకి భోగినాడో కనుమనాడో బడి ఉండొచ్చు, హైదరాబాదు పిల్లలు మాత్రం ఖాళీగా ఉంటారు. అందుకని పాకం పనిని పండగ ముందొచ్చే ఆదివారానికి పెట్టుకోండి. మరిదిగారివాళ్ళు అప్పటికి రాకపోతే వాళ్ళు దిగిన మర్నాడు పెట్టుకోండి. ఏ రోజు అనుకుంటే దానికి ముందురోజు ఉదయమే బియ్యం నానబోయాలి. పండగ మూడు రోజుల్లో పెద్ద పొయ్యిపని ఏదీ ఉంచకండి.

బియ్యం దగ్గరే చాలామంది దెబ్బతింటారు, ముఖ్యంగా మన వైపు. ఇక్కడ కొట్లలోనూ కోటాలోనూ ఎక్కువగా దొరికేది ఉసునా, అంటే ఉప్పుడు బియ్యం. దాంతో అరిసెలు రావు. వడ్లని ముందే ఉడకబెట్టడంతో ఆ గింజ గట్టిపడిపోయి ఉంటుంది, ఎంత నానినా మెత్తటి పిండి అవదు, పాకంలో జిగురు పట్టదు. కొట్లో 'అరువా', అంటే పచ్చి బియ్యం, అని అడిగి తీసుకోండి. సన్న బియ్యం, వాసన బియ్యం అక్కర్లేదు, ముతక పచ్చి బియ్యమే మేలు. జయపురం వైపు నుంచి ఎవరైనా కొరాపుట్ కాలాజీర బియ్యం తెచ్చిపెడితే దాన్ని పరమాన్నానికి దాచుకోండి. అరిసెల్లో వేస్తే దాని వాసన బెల్లంలో కలిసిపోతుంది, డబ్బు దండగ.

కొలతలు 1 కిలో బియ్యానికి చెబుతాను. మీ ఇంటికి 2 కిలోలు కావాలి, కానీ పాకం మాత్రం కిలో చొప్పున రెండుసార్లు పట్టండి. 2 కిలోల పాకంలో పిండి కలపాలంటే కండబలం కావాలి, కలిపేలోగా అడుగు ముదిరిపోతుంది.

బియ్యం రెండుసార్లు కడిగి 24 గంటలు నానబెట్టండి. 8 గంటలకోసారి నీళ్ళు మార్చాలి, లేకపోతే పులిసిన వాసన పిండిలోనే ఉండిపోతుంది. వడకట్టి, నీడలో పాత పంచె మీద 20 నిమిషాలు పరవండి. గింజ పిడికిట్లో పట్టుకుంటే చెయ్యి చెమ్మగిల్లాలి, నీళ్ళు కారకూడదు. ఎండలో పెట్టొద్దు, ఫ్యాను కింద పెట్టొద్దు. పండగ రోజుల్లో తడి బియ్యానికి వేరే మర నడిపేవాళ్ళుంటారు, అలాంటి చోట ఆడించుకోండి. గోధుమలు ఆడిన మరలోనే వేస్తే ఆ పిండి కలిసి అరిసె జిగటగా వస్తుంది. మిక్సీ అయితే కొంచెం కొంచెంగా వేసి, మధ్యలో ఆపుతూ తిప్పండి, జారు వేడెక్కితే తడి ఆరిపోతుంది. సన్న జల్లెడ పట్టి, పిండిని గిన్నెలో అదిమి నింపి, పైన తడిగుడ్డ కప్పి ఉంచండి. పిండి తడి ఆరితే పాకం ఎంత బాగా వచ్చినా అరిసె పగిలిపోతుంది. జల్లించడం, అదమడం పిల్లల పని. ఇల్లంతా తెల్లగా అవుతుంది, ఊరుకోండి.

బెల్లం 750 గ్రాములు. నల్లగా, ఉప్పగా ఉన్న పాతబెల్లం పాకానికి రాదు. చేతిలో ఉన్నది బాగుందో లేదో అనుమానంగా ఉంటే 650 గ్రాముల బెల్లం, 100 గ్రాముల పంచదార వేయండి. బెల్లం తరిగి, ఒక గ్లాసు నీళ్ళు పోసి కరిగించి, ఇసుక పోయేలా వడకట్టి మళ్ళీ మందపాటి గిన్నెలో పొయ్యి మీద పెట్టండి. నురగ పెద్ద బుడగలుగా ఉన్నంతసేపూ తొందరలేదు. బుడగలు చిన్నవై, దగ్గరపడి, పాకం గరిటె నుంచి నిదానంగా జారడం మొదలుపెట్టాక మాత్రం పొయ్యి దగ్గర నుంచి కదలొద్దు. ఇక్కడ మీ అత్తగారిని కుర్చీ వేసి కూర్చోబెట్టండి. పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి ఆవిడ చేతికివ్వండి. పాకం చుక్క వేస్తే చెదిరిపోతే ఇంకా లేతగా ఉంది. దగ్గరకొచ్చి, ఎత్తబోతే జారిపోతే చలిమిడికి సరిపోతుంది. వేళ్ళతో దగ్గరకి తీస్తే మెత్తటి ఉండ అయి, నొక్కితే అణిగితే అదే అరిసెల పాకం. పళ్ళేనికి కొడితే టంగుమంటే ముదిరిపోయింది. థర్మామీటరు ఉంటే 112 నుంచి 116 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఆపండి, అయినా నీళ్ళ పరీక్ష వదలకండి. ముదిరిన పాకాన్ని పారబోయక్కర్లేదు, అరగ్లాసు వేడినీళ్ళు పోసి మళ్ళీ మొదట్నించి మరగనివ్వండి.

పొయ్యి ఆర్పి, 100 గ్రాముల నెయ్యి, 50 గ్రాముల వేయించిన నువ్వులు, అర చెంచా యాలకుల పొడి వేయండి. ఇప్పుడు ఒకరు గిన్నె పట్టుకోవాలి, ఒకరు పిండి జల్లుతూ ఉండాలి, ఒకరు తెడ్డుతో ఆపకుండా తిప్పాలి. మీ మరిదిగారికి ఉద్యోగం దొరికింది చూడండి. పిండి అంతా ఒకేసారి పోస్తే లోపల పొడి ఉండలు మిగిలి, అవి నూనెలో చిట్లుతాయి. కప్పు పిండి ఎప్పుడూ పక్కన మిగుల్చుకోండి. ముద్ద గరిటె నుంచి బరువుగా, తెగకుండా జారే దశలో పిండి ఆపేయాలి, అప్పటికి లూజుగానే అనిపిస్తుంది. చల్లారేకొద్దీ దానంతటదే గట్టిపడుతుంది. వేడి మీదే గట్టి ముద్ద చేశారో, అరిసెలు తినడానికి దవడలు కావాలి. పైన నెయ్యి రాసి మూతపెట్టి రెండు గంటలు వదిలేయండి. రాత్రంతా ఉంచినా మంచిదే.

వత్తడానికి అరటాకు మీద నూనె రాసుకోండి. పెద్ద నిమ్మకాయంత ముద్ద, అర అంగుళానికి కొంచెం తక్కువ మందం, అంచులు నడుమకంటే పలచబడకూడదు. నూనె మధ్యస్థంగా కాగాలి. ముద్ద చిటికెడు వేస్తే అడుక్కి పోయి, రెండు మూడు సెకన్లలో పైకి రావాలి. వెంటనే పైకొస్తే నూనె మరీ కాగింది, పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. అడుగునే కూర్చుంటే నూనె తాగుతుంది. అరిసె పొంగాక తిరగేసి, రెండువైపులా రంగు రాగానే తీసి, రెండు అరిసెల చెక్కల మధ్య పెట్టి నూనె కారిపోయేలా నొక్కాలి. చెక్కలు లేకపోతే రెండు చదునైన జల్లిగరిటెలు చాలు. వేయించేది ఒకరు, నొక్కేది ఇంకొకరు. ఒక్కరే రెండూ చేయబోతే మూకుడులో ఉన్నది మాడుతుంది. పిల్లలు వత్తే బల్ల పొయ్యికి నాలుగడుగుల దూరంలో ఉండాలి, వత్తినవి పెద్దవాళ్ళే ఆకు మీంచి అందుకోవాలి. కిలోకి 40 దాకా వస్తాయి.

మొదట ఒక్కటే వేసి చూడండి. నూనెలో విచ్చుకుపోతే పాకం లేత లేదా ముద్ద పలచన, దాచిన తడిపిండి రెండు గుప్పిళ్ళు కలపండి. అంచులు పగుళ్ళిస్తే ముద్ద ఆరింది, వేడినీళ్ళు చెంచాడు చల్లి మర్దించండి. కొందరు పాలు పోస్తారు, మెత్తగానే వస్తాయి కానీ నాలుగో రోజుకే వాసన మారుతుంది. పార్సిలు పంపేవాటిలో పాలు వద్దు.

అదే ముద్దలో నాలుగో వంతు పక్కకి తీసి పోకుండలు చేసేయండి. మళ్ళీ వేరే పాకం అక్కర్లేదు. అరచిప్ప కొబ్బరి సన్నగా ముక్కలు కోసి, నెయ్యిలో తడి పోయేదాకా వేయించి కలపాలి. పచ్చి ముక్కలు వేస్తే రెండు మూడు రోజుల్లో పాడవుతాయి. చిన్న ఉండలు, చిన్న నిమ్మకాయకి మించొద్దు, సన్నసెగ. పెద్ద ఉండ పెద్దసెగ మీద వేస్తే పైన గట్టిపడి లోపలి ఆవిరికి దారిలేక టప్పున పగిలి నూనె ఎగురుతుంది. ఉండలు చేయడానికి అయిదేళ్ళ పిల్లలు కూడా పనికొస్తారు. వంకరగా ఉన్నా వేగుతాయి.

మీ వీధిలో ఒడియావాళ్ళున్నారన్నారు. వాళ్ళ ఆరిసా పిఠా మన అరిసెకి అక్కచెల్లెలే కనుక అరిసెలిచ్చి అరిసెలు తెచ్చుకోవడం ఎందుకు? వాళ్ళకి పోకుండలు పంపండి. వాళ్ళ మకర చావుళ మాత్రం మీ పిల్లలచేత చేయించండి, పొయ్యి అక్కర్లేని వంట అది. ఒక కప్పు అరువా బియ్యం రెండు గంటలు నానబెట్టి, వడకట్టి, రవ్వలా బరకగా దంచాలి. పిండి చేయకూడదు, ముద్దైపోతుంది. అందులో ఒక కప్పు కొబ్బరి కోరు, అర కప్పు ఛెనా (పాలు విరగ్గొట్టి వడకట్టిన ముద్ద), ముప్పావు కప్పు బెల్లం తురుము, రెండు ముగ్గిన అరటిపళ్ళు, నాలుగైదు చెరకు ముక్కలు, కాస్త అల్లం తురుము, చిటికెడు మిరియాల పొడి, కాచి చల్లార్చిన పాలు కలిపేటంత. అరటిపళ్ళు, పాలు చివర్లో. దేవుడికి పెట్టాక రెండు మూడు గంటల్లో అయిపోవాలి, పచ్చి బియ్యం, పాలు కలిసింది నిలవుండదు.

ఇక గుమ్మం. ధనుర్మాసం ముగ్గులు మీరెలాగూ వేస్తారు. ఒడియా ఇళ్ళలో మార్గశిర గురువారాలకి వేసే ఝోటి, అంటే రుబ్బిన బియ్యప్పిండితో గీసే బొమ్మ, కూడా మీ వాకిట్లో కలపండి, పిల్లలకి ముగ్గుకంటే తేలిక, వేలితో గీయడమే కదా. ఒక కప్పు బియ్యం మూడు గంటలు నానబెట్టి, వెన్నలా రుబ్బి, వేలు ముంచి ఎత్తితే తీగలా జారేంత నీళ్ళు కలపండి. సుమారు కప్పున్నర పడుతుంది. బరకగా రుబ్బితే ఆరాక రాలుతుంది. ఎర్రమట్టి అలికిన చోట, సిమెంటు గచ్చు మీద బాగా పట్టుకుంటుంది. నున్నటి టైల్సు మీద పట్టదు, రెండు గరిటెలు చిక్కటి గంజి కలిపితే కొంత నిలుస్తుంది. తడిగా ఉన్నప్పుడు గీత కనబడదు, ఆరాకే తెల్లబడుతుంది. పిల్లలు కనబడలేదని మళ్ళీ మళ్ళీ దిద్దుతారు, ముందే చెప్పండి. గోడకైతే గడ్డిపరకల కట్ట ముంచి విదిలిస్తే వరికంకుల్లా పడుతుంది. ఈ పని వాకిలి గోడ మీదే, హాలు గోడ జోలికి వెళ్ళనివ్వకండి. చీమలు, పిచ్చుకలు తింటాయి, దానికే వేసేది.

ప్లాస్టిక్ తోరణానికి బదులు వరికంకుల కుచ్చు కట్టండి. ఇచ్ఛాపురం వైపో చికిటి వైపో తెలిసిన రైతుంటే కోతల వేళే, అడుగు పొడుగు కాడతో నాలుగు పిడికిళ్ళ కంకులు అడిగి ఉంచుకోండి. జనవరిలో అడిగితే నూర్చేసి ఉంటారు. ఎండిన కాడ వంచితే విరుగుతుంది, గింజ రాలుతుంది. కట్టే ముందు గంటసేపు తడిగుడ్డలో చుట్టి ఉంచితే లొంగుతుంది. ఆరు కంకుల చొప్పున మెడ దగ్గర దారంతో బిగించి, అలాంటి చిన్న కట్టలు పది చేసి, జనపతాడుకి రెండంగుళాల ఎడంతో ముడేయండి. ఆ తాడుని చక్రంలా చుట్టి వేలాడదీస్తే కుచ్చు. కాడలు తడిగా ఉన్నప్పుడు కట్టినవి ఆరితే సన్నబడి జారిపోతాయి కాబట్టి ముడి గట్టిగా రెండు చుట్లు వేయాలి. ఎలుక ఎక్కలేని చోట, మనిషి తలకి తగలని ఎత్తులో కట్టండి. ఇది అత్తగారు కూర్చున్నచోటే చేయగలిగే పని, చెప్పే మాటలూ ఆవిడ దగ్గరే ఎక్కువుంటాయి.

భోగి గురించి రెండు ముక్కలు. పిడకల దండ కావాలంటే డిసెంబరు చివర్లోనే మొదలెట్టాలి. అరచేతిలో పట్టేంత పిడక, నడుమ వేలు దూరే బెజ్జం, మన చలికాలపు ఎండలో వారం పది రోజులు ఎండాలి. పచ్చిగా ఉంటే పొగ తప్ప మంట రాదు. అపార్టుమెంటు అయితే పాత ఇనప గమేళాలో ఇసుక పోసి దాని మీద చిన్న మంట చాలు. రంగువేసిన చెక్క, టైర్లు, ప్లాస్టిక్ మాత్రం వేయొద్దు. సాయంత్రం భోగిపళ్ళలో రేగుపళ్ళు, చెరకు ముక్కలు, పూలరేకలు, చిల్లర వేస్తారు కదా, చిల్లర సబ్బుతో కడగండి, పోశాక నేల మీద పడ్డ రేగుపళ్ళు, నాణేలు వెంటనే ఏరేయండి. పసివాడి గొంతుకి అవే ప్రమాదం.

మధ్యాహ్నాలకి అష్టాచెమ్మా. కొనే అట్టముక్క వద్దు, గచ్చు మీద సుద్దతో 5 గళ్ళు పొడుగు, 5 గళ్ళు వెడల్పు గీసి, నాలుగు అంచుల నడిమి గళ్ళలోనూ, మధ్య గడిలోనూ అడ్డంగా గీతలు పెట్టండి. నాలుగు చింతపిక్కలు ఒకవైపు గరుకు రాయి మీద తెల్లబడేదాకా అరగదీయాలి. తెలుపు ఎన్ని పడితే అన్ని గళ్ళు. నాలుగూ తెలుపైతే చెమ్మా, 4. నాలుగూ నలుపైతే అష్టా, 8. ఈ రెండిటికీ మళ్ళీ పందెం. పిక్కని సగం కంటే ఎక్కువ అరగదీస్తే బరువు మారి ఎప్పుడూ ఒకేవైపు పడుతుంది. అన్నట్టు, పిల్లల్ని ఫోన్లు పెట్టేయమని చెప్పకండి, పెద్దవాళ్ళు ఆటకి కూర్చోండి. నాయనమ్మ అష్టా వేసి కాయ చంపితే ఫోను సంగతి వాళ్ళకే గుర్తుండదు.

కనుమనాటి గారెలకి మినప్పప్పు నాలుగు గంటలకి మించి నాననివ్వకండి, రుబ్బేటప్పుడు నీళ్ళు చిలకరింపే. పిండి పలచబడితే గారె నూనె పీలుస్తుంది. అంతకంటే చెప్పేదేమీ లేదు, అది మీకు తెలిసిన పనే.

మరిదిగారివాళ్ళకి కట్టి ఇచ్చే డబ్బాల సంగతి. అరిసెలు పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి, కనీసం నాలుగు గంటలు. వేడిగా మూతపెడితే మూత లోపలి చెమ్మ కారి మూడో రోజుకి బూజు. వరసకీ వరసకీ మధ్య బటర్ పేపరు. జంతికలు కొన్నవైనా సరే అరిసెలతో ఒకే డబ్బాలో వేయొద్దు, అరిసెల్లోని చెమ్మ పీల్చుకుని రైలు దిగేసరికే మెత్తబడతాయి. ప్రతి డబ్బా మీదా పేరు, చేసిన తేదీ రాసిన చీటీ అంటించండి. ఆ చీటీలు ఒడియా మీడియంలో చదివే మీ పిల్లల చేత తెలుగులో రాయించండి, పక్కన అత్తగారు చెబుతూ ఉంటే. పోకుండల డబ్బా మీద మాత్రం 'ముందు ఇవి' అని రాయించండి. కొబ్బరి ఉన్నవి కదా, వారం లోపల అయిపోవాలి. అరిసెలు రెండు మూడు వారాలు ఆగుతాయి.